ఏడో నంబరు దారిలో మన ఊరి జట్టు

స్టాపు మామకు రెండు నమ్మకాలు. బస్సన్నాక ప్రతి స్టాపులోనూ ఆగి తీరాలన్నది ఒకటి. ఇంత పెద్ద నగరానికి జట్టంటూ ఉంటే అది డేగల జట్టేనన్నది రెండోది. మొదటిదాని మీద డిపోలో ఆయనతో పెట్టుకునేవాడు లేడు. రెండోదాని మీద ఇంట్లో రోజూ రభసే.

ఆయన ఏడో నంబరు బస్సు డ్రైవరు. స్టాపులో మనిషి కాదు కదా, కాకి కూడా లేకపోయినా సరే, బస్సు ఆపుతాడు. తలుపు తెరుస్తాడు, అద్దంలో ఓసారి వెనక్కి చూస్తాడు, మూస్తాడు, కదులుతాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానరోజు, స్టాపు ఖాళీగా ఉంది కదా అని దాటేశాడట. తీరా అద్దంలో చూస్తే, షెడ్డు వెనకాల తల దాచుకున్న ఒక నిండు గర్భిణి గొడుగు ఊపుతూ రోడ్డు మీదికి వస్తోంది. అప్పటికే బస్సు వంతెన ఎక్కేసింది, ఆపే వీల్లేదు. ఆ గొడుగు ఆయన్ని ఇప్పటికీ వదల్లేదు. ఆ తర్వాత ఆయన బస్సు దాటేసిన స్టాపంటూ లేదు. "మామ బస్సులో దెయ్యాలు కూడా టైముకి ఆఫీసుకి చేరతాయిరా" అని తోటి డ్రైవర్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వాళ్ల నోళ్లు వాళ్లిష్టం అనుకుంటాడు.

ఇంకో పట్టుదల కూడా ఉంది, బస్సు నుదుటి మీది బోర్డు విషయంలో. కొందరు డ్రైవర్లు తిరుగు ట్రిప్పులో బోర్డు మార్చడానికి బద్ధకించి, పోయేది ఒక చోటు, బోర్డు మీద ఇంకో చోటు పెట్టుకుని తిరిగేస్తుంటారు. అది చూస్తే స్టాపు మామకు ఒళ్లు మండిపోతుంది. "జనం బోర్డు చూసి బస్సెక్కుతారు. బోర్డే అబద్ధమైతే ఇంక బస్సెందుకు, తగలెయ్యడానికా?" అంటాడు. తన బస్సుకు మాత్రం తప్పు బోర్డు పెట్టుకుని ఒక్క గజం కూడా కదలడు.

ఇక డేగల సంగతి. డేగలంటే ఎర్ర చొక్కాల ఫుట్‌బాల్ జట్టు. ఊరి నడిబొడ్డున పెద్ద స్టేడియం, ఎటు చూసినా వాళ్ల పోస్టర్లే. స్టాపు మామ ఇంట్లో హాల్లో డేగల జెండా, వంటింట్లో డేగల క్యాలెండరు, ఆఖరికి ఆయన బనీను మీద కూడా డేగ బొమ్మే. ఆయన భార్య వంతెన అవతల కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. కట్టుకున్నందుకు అన్నీ భరిస్తోంది. ఆమె చెల్లెలు మాత్రం భరించదు. ఆ అమ్మాయి వాళ్లింట్లోనే ఉంటుంది, ఊరి ఆడవాళ్ల హ్యాండ్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. ఆకుపచ్చ చొక్కా వేసుకుని, భుజాన సంచీ తగిలించుకుని, రోజూ పొద్దున్నే బావ బస్సులోనే ప్రాక్టీసుకు పోతుంది. వాళ్లదీ జీతమిచ్చే లీగే, వాళ్లదీ ఆటే ఉద్యోగం. కాకపోతే ఊళ్లో వాళ్ల పోస్టరు ఒక్కటి కూడా ఉండదు.

ఆ పొద్దున కూడా టీ కప్పుల దగ్గర మొదలైంది గొడవ.

"మీ డేగల్లో ఈ ఊళ్లో పుట్టినవాడు ఒక్కడున్నాడా బావా?" అంది మరదలు.

"పుట్టడం ఎవరి చేతిలో ఉందమ్మాయ్? నేను పుట్టానా ఇక్కడ? వాళ్లు గెలిస్తే ఊరు ఊరంతా రోడ్డు మీదికొస్తుంది. మీరు గెలిస్తే మీ అక్క వస్తుంది. అంతే తేడా."

"పోనీ ఒక్కడైనా ఎప్పుడైనా మీ బస్సెక్కాడా?"

"ఎక్కుతారు. ఆ రోజూ వస్తుంది, చూస్తూ ఉండు."

"మేం రోజూ ఎక్కుతున్నాం."

"ఎక్కుతున్నారులే! పద్నాలుగు మంది, ఆ బంతుల సంచీలు, నడవలో కాలు పెట్టనివ్వరు. మీరెక్కితే నా బస్సుకి ఊపిరాడదు."

"ఇద్దరూ కాస్త ఆగి టీ తాగండి. ఊరు ఎవరిదైనా గిన్నెలు కడిగేది నేనే" అంది భార్య. ఆ ఇంట్లో చివరి మాట ఎప్పుడూ ఆవిడదే.

ఆ వారంలోనే డేగలు కప్పు గెలిచారు. ఏళ్ల తరబడి చేతిదాకా వచ్చి జారిపోయిన కప్పు! స్టాపు మామ వీధిలోకి పరిగెత్తి, ముఖపరిచయం కూడా లేని మనిషిని కావలించుకుని ఏడ్చేశాడు. మర్నాడు డిపో మేనేజరు కబురు పెట్టాడు. ఊరేగింపుకి పైకప్పు తీసేసిన రెండంతస్తుల బస్సు సిద్ధం చేస్తున్నారట. జట్టంతా పైన నిలబడి కప్పు చూపిస్తూ ఊరు దాటాలి. ఏడో నంబరు దారిలోనే వెళ్లాలి. నడిపేది స్టాపు మామ.

ఆయన కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు. బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగి చూసుకున్నాడు. నుదుటి మీద కొత్త బోర్డు, ఎర్రటి అక్షరాలు, ఎంత పెద్దవంటే వీధి చివర్నించి చదవొచ్చు: మన ఊరి జట్టు. దాన్ని చేత్తో తడిమి చూసి, "ఇదీ బోర్డంటే" అన్నాడు.

మేనేజరు మంచివాడే కానీ బొత్తిగా భయస్తుడు. ముందురోజు ఖాళీ బస్సుతో ఒకసారి నడిపించి చూద్దామన్నాడు. మొదటి స్టాపు రాగానే బస్సు బుస్సుమని ఆగి, తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా, ఎందుకాపావు?"

"స్టాపండీ."

"రేపు స్టాపుల్లేవయ్యా మహానుభావా! అడుగడుగునా వేలాది జనం ఉంటారు. ఎక్కడ ఆపినా మీద పడతారు. సిటీ హాలు దాకా నీ కాలు బ్రేకు తొక్కకూడదు. తొక్కావో, నీ ఉద్యోగం సంగతి తర్వాత, ముందు నా ఉద్యోగం ఊడుతుంది."

"కంగారు పడకండి సార్. రేపు చూడండి, వెన్నలా పోనిస్తాను" అన్నాడు స్టాపు మామ గుండె మీద చెయ్యేసుకుని.

ఇంటికొచ్చేసరికి మరదలు ముఖం అంత బాగా లేదు. ఊరేగింపు రోజే వాళ్లకు సీజన్లో ఆఖరి మ్యాచ్, నాలుగింటికి, వంతెన అవతలి ఇండోర్ హాల్లో. గెలిస్తే పై లీగులో నిలుస్తారు. ఓడితే కిందికి దిగిపోతారు. దిగిపోతే క్లబ్బు మూసేస్తామని కమిటీవాళ్లు ముఖం మీదే చెప్పేశారు. తేదీ మార్చమని అడిగితే లీగువాళ్లు కుదరదన్నారు. నాలుగింటికి కోర్టులో లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. ఊరేగింపు కోసం బస్సులన్నీ ఆపేస్తున్నారు కాబట్టి, జట్టంతా కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నారు.

"వంతెన ఎప్పుడు మూస్తారు బావా? సరిగ్గా కనుక్కుని చెప్పండి" అంది.

"రెండింటికి. నన్నడుగుతావేం, నడిపేది నేనే కదా! ఒంటి గంటన్నరకి వచ్చినా హాయిగా దాటిపోతారు. ఏమన్నా మారితే పొద్దున్నే నీకు ఫోను చెయ్యనూ?"

"చేస్తారా?"

"నా మీద నమ్మకం లేదా?"

"ఆట విషయంలో లేదు. బస్సుల విషయంలో ఉంది" అని సంచీ సర్దుకోవడానికి వెళ్లింది.

తెల్లారింది. స్టాపు మామ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని డిపోకి చేరేసరికి మేనేజరు ఎదురొచ్చి, "పోలీసులు టైము మార్చారు, వంతెన పన్నెండింటికే మూసేస్తున్నారు, కాలినడకన కూడా ఎవర్నీ వదలరట" అన్నాడు. మామ చెయ్యి ఫోను మీదికి పోయింది కూడా. సరిగ్గా అప్పుడే గేట్లోంచి డేగల కెప్టెన్ వచ్చాడు. పోస్టర్ల మీద చూసే మనిషి, తిన్నగా నడుచుకుంటూ వచ్చి, "మమ్మల్ని తీసుకెళ్లేది మీరేనా డ్రైవర్ గారూ?" అని చెయ్యి చాచాడు. డ్రైవర్ గారూ అన్నాడు! స్టాపు మామ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. చెయ్యి కలిపాడు, ఫోటో దిగాడు, డ్యూటీ ఎక్కేముందు రూలు ప్రకారం ఫోను తీసి లాకర్లో పెట్టి తాళం వేశాడు. మరదలి సంగతి మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది.

మూడింటికి ఊరేగింపు కదిలింది. అబ్బో, ఆ జనం! మేడల మీద జనం, దీపస్తంభాలు పట్టుకుని వేలాడే జనం, మెడల మీద పిల్లల్ని ఎక్కించుకున్న జనం. పైన ఆటగాళ్లు కప్పెత్తి పాడుతున్నారు. ముందు పోలీసు మోటారు సైకిళ్లు. మామ పక్క సీట్లో మేనేజరు, చెమటలు కక్కుకుంటూ. మొదటి స్టాపు దగ్గరికొచ్చింది. స్టాపు మామ కుడికాలు తుమ్ము ఆపుకున్నట్టు వణికింది. ఆపుకున్నాడు. స్టాపు దాటిపోయింది. రెండోదీ దాటింది. మూడోదీ దాటింది.

"శభాష్" అన్నాడు మేనేజరు నుదురు తుడుచుకుని.

అప్పుడు కనపడింది ఆ వ్యాను. మార్కెట్టుకి ముందున్న సందులో, అడ్డుగా పెట్టిన ఇనుప కంచెల వెనకాల, తెల్ల వ్యాను. అద్దం మీద ఆకుపచ్చ చేతి గుర్తు, హ్యాండ్‌బాల్ క్లబ్బుది. వ్యాను డ్రైవరు బానెట్టు మీద కూర్చుని పల్లీలు నములుతూ ఊరేగింపు చూస్తున్నాడు. లోపల ఎవరూ లేరు.

పన్నెండు గంటలు, వంతెన, ఫోను, లాకరు, అన్నీ స్టాపు మామకు ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒంటి గంటన్నరకి హాయిగా దాటిపోతారని ఎంత దర్జాగా చెప్పాడు! రెండో వంతెన దాకా చుట్టు తిరిగి పోవాలంటే సాయంత్రమవుతుంది. ఆ పిల్లలు ఏమైనట్టు? మార్కెట్టు గోడ మీది గడియారం మూడున్నర చూపిస్తోంది. తన చేత్తో తనే ఆ జట్టుకి తాళం వేశాడు. పైన పాట పాడుతున్నారు, ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు.

మార్కెట్టు స్టాపు వచ్చింది. వంతెనకు ఇవతల ఇదే ఆఖరి స్టాపు. షెడ్డు కింద ఊపిరాడనంత జనం. ఆ ఎర్ర జెండాల మధ్య ఆకుపచ్చ చొక్కాలు నలిగిపోతూ కనిపించాయి. వ్యాను దిగి పరిగెత్తుకొచ్చి ఉంటారు, వంతెన దగ్గర పోలీసులు వెనక్కి తోసేసి ఉంటారు. కొంతమంది ఏడుస్తున్నారు. మరదలు మాత్రం ఏడవడం లేదు. స్టాపులోని బల్ల ఎక్కి నిలబడి, మెడ చాచి రోడ్డు మీదికి చూస్తోంది. బస్సును చూసింది, బస్సులో బావను చూసింది. తిట్టలేదు, అరవలేదు. చెయ్యెత్తింది. రోజూ పొద్దున్నే ఏడో నంబరు బస్సుకు ఎలా ఎత్తుతుందో అలాగే.

ఆయన మనసులో ఏమీ తేల్చుకోలేదు. తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాడు. కాలు దాని పని అది చేసింది. బస్సు బుస్సుమని ఆగింది, తలుపు తెరుచుకుంది.

"అయిపోయాం!" అని మేనేజరు తల పట్టుకున్నాడు. "పోనియ్, పోనియ్, తలుపు మూసెయ్!"

ఎక్కడ మూస్తాడు? పద్నాలుగు మంది ఆకుపచ్చ పిల్లలు రోజూ ఎక్కినట్టే వరసగా ఎక్కేశారు. బంతుల సంచీలతో సహా. వాళ్ల వెనకాలే కూరగాయల బుట్టతో ఒక అవ్వ.

"ఇది ఏడో నంబరేనా బాబూ? పొద్దున్నించీ నిలబడ్డా, ఒక్క బస్సు రాలేదు. మీకసలు బుద్ధుందా?" అంది అవ్వ.

"ఏడో నంబరు దారేనమ్మా. నిదానంగా ఎక్కండి" అన్నాడు స్టాపు మామ.

మరదలు ఆయన పక్కకి వచ్చి నిలబడింది. రొప్పుతోంది. "ఫోను చేస్తానన్నారు" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

"మర్చిపోయానమ్మా. నీ మీదొట్టు, మర్చిపోయాను. తిట్టాలంటే తర్వాత తిట్టు, ముందు గట్టిగా పట్టుకో" అన్నాడాయన.

మేనేజరు లేచి నిలబడ్డాడు. "దించు! వీళ్లందర్నీ దించు! ఇది డేగల బస్సు!"

స్టాపు మామ ఆయనకేసి తిరిగాడు. ఇంతసేపూ వణికిన మనిషి ఇప్పుడు నిబ్బరంగా ఉన్నాడు. "సార్, స్టాపు వచ్చింది. ప్రయాణికులు చెయ్యెత్తారు. ఆపాను. ఎక్కినవాళ్లని మధ్యలో దించడం నా సర్వీసులో లేదు. కావాలంటే నన్ను దించండి. బస్సు మీరు నడుపుకోండి."

మేనేజరుకి సైకిలు తొక్కడం కూడా రాదు. కూర్చున్నాడు.

బస్సు ఎందుకాగిందా అని కెప్టెన్ పైనించి మెట్లు దిగి వచ్చాడు. కింద చూస్తే ఆకుపచ్చ జట్టు, ముందు సీట్లో బుట్ట ఒళ్లో పెట్టుకున్న అవ్వ.

"ఎవరండీ మీరంతా?" అన్నాడు.

"హ్యాండ్‌బాల్ జట్టు. మీ కప్పు మీరు గెలిచేసుకున్నారు, మాది ఇంకా గెలవాలి. నాలుగింటికి మ్యాచ్, మీ ఊరేగింపు మా దారి మూసేసింది. కొంచెం జరుగుతారా, సంచీ పెట్టుకోవాలి" అంది మరదలు.

ఆ మనిషి పకపకా నవ్వి, సంచీ తనే అందుకున్నాడు. "ఈ ఊరొచ్చి రెండేళ్లయింది. సిటీ బస్సెక్కడం ఇదే మొదలు. ఇక్కడ బస్సులు ఇలాగే ఆగుతాయా?"

"ఈయన నడిపితే ఆగుతాయి" అంది మరదలు.

"మెట్ల మీద నిలబడకు నాయనా, పడతావు" అంది అవ్వ ఆయనతో. దేశమంతా జేజేలు పలికే కెప్టెన్ బుద్ధిగా మెట్లు దిగి రాడ్డు పట్టుకున్నాడు.

"మీరంతా పైకి రండి. ఇక్కడ ఇరుక్కోవడం ఎందుకు?" అన్నాడు కాసేపటికి. పిల్లలు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుని పైకెక్కారు. బస్సు వంతెన మీదికి చేరింది. వంతెన దిగగానే మళ్లీ రోడ్డుకి రెండు పక్కలా జనం. ఎర్ర చొక్కాల మధ్య ఆకుపచ్చ చొక్కాలు చూసి మొదట అందరూ గుడ్లప్పగించారు. తర్వాత ఎక్కడో ఒక గొంతు లేచింది.

"ఒరేయ్, అది మన వీధి పిల్లరా! మెకానిక్ షెడ్డు వాళ్లమ్మాయి!"

"ఆ చివర నిలబడిందే, మా పాపకి ఈత నేర్పిన టీచరు!"

"అక్కా! అక్కా, ఇటు చూడక్కా!"

స్టాపు మామ కిటికీ తెరిచే ఉంది. ఇంతసేపూ డేగలకు జనం కొట్టిన కేకలు ఆయన విన్నాడు. చెవులు చిల్లులు పడే కేకలు, కాదనడు. కానీ మా వీధి పిల్లడని ఒక్కడు అనలేదు. ఫలానా షెడ్డు వాళ్లబ్బాయని, మాకు ఈత నేర్పాడని ఎవరూ అనలేదు. అంటే అబద్ధమవుతుంది. ఈ పిల్లల పేర్లు పేపర్లో ఎప్పుడూ రాలేదు, అయినా రోడ్డు పక్క మనుషులు వేలు పెట్టి చూపిస్తున్నారు. మేడ మీది నుంచి ఒకావిడ చీపురు పట్టుకునే చెయ్యి ఊపింది.

ఇండోర్ హాలు స్టాపు వచ్చింది. ఈసారి కాలు మీద నెపం వెయ్యడానికేం లేదు. ఆయనే చక్కగా ఆపాడు.

"ఇక్కడ కూడానా?" అన్నాడు మేనేజరు నీరసంగా.

"స్టాపండీ."

పిల్లలు దూకినట్టే దిగి పరిగెత్తారు. కెప్టెన్ పైనించి వంగి, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని జనంతో అరిచాడు. "మా మ్యాచ్ అయిపోయింది! వీళ్లది ఇప్పుడు మొదలవుతోంది! లోపలికి పదండి!" ఆ మాట చాలు. ఎర్ర జెండాలు పట్టుకున్న జనం గుంపులు గుంపులుగా హాలు తలుపుల్లోంచి దూరిపోయారు. ఎప్పుడూ సగం కుర్చీలు ఖాళీగా ఉండే హాలది. కాపలా మనిషి ఏం చెయ్యాలో తెలియక తలుపులు రెండూ బార్లా తెరిచేశాడు.

సిటీ హాలు దగ్గర పూలదండలు, ఉపన్యాసాలు అన్నీ జరిగాయి. అవ్వ కూడా అక్కడే దిగింది, బుట్ట డేగల గోల్‌కీపరు మోసుకొచ్చి పెట్టాడు. అంతా అయ్యాక మేనేజరు మామ దగ్గరికొచ్చాడు.

"రేపు సంజాయిషీ ఇవ్వాలి నువ్వు."

"రేపటిదాకా ఎందుకు సార్, ఇప్పుడే ఇస్తాను. స్టాపు వచ్చింది, చెయ్యెత్తారు, ఆపాను."

మేనేజరు ఏదో అనబోయి, దూరంగా కెప్టెన్ ఇటే చూసి చెయ్యూపుతుంటే ఆగిపోయాడు. "సరే సరే. బస్సు డిపోకి తీసుకెళ్లు. ఆ బోర్డు తీసేసి స్టోర్లో అప్పగించు. అది డేగలది, ఊరేగింపు అయిపోయింది."

డిపోకి దారి ఇండోర్ హాలు ముందునుంచే. హాల్లోంచి వస్తున్న హోరు వీధి మలుపులోనే వినపడింది. స్టాపు మామ బస్సు స్టాపులో పెట్టి, తాళాలు జేబులో వేసుకుని లోపలికి నడిచాడు. ఇన్నేళ్లలో ఆ హాల్లో అడుగు పెట్టడం అదే మొదలు. కూర్చోవడానికి చోటు లేదు, నిలబడడానికీ లేదు. భార్య ఎక్కడో ముందు వరసలోంచి చూసి, జనాన్ని తోసుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మనవాళ్లు ఒక్క గోలు ముందున్నారు. ఇదే ఆఖరి బంతి. వాళ్లకి పెనాల్టీ ఇచ్చారు" అంది.

ఎదుటి జట్టు పిల్ల బంతి పట్టుకుని నిలబడింది. గోలు ముందు మరదలు ఒక్కతే, చేతులు చాచి, మోకాళ్లు కొంచెం వంచి. అంతమంది ఉన్న హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. ఇంట్లో టీ దగ్గర తనతో పోట్లాడే పిల్ల ఇదేనా అనిపించింది స్టాపు మామకు. ఈ పిల్ల ఆపకపోతే మ్యాచ్ సమం. సమమైతే చాలదు, క్లబ్బు మూత. పొద్దున ఒక్క ఫోను చేసి ఉంటే ఈ పిల్లలు ఒళ్లలిసిపోకుండా వచ్చి ఉండేవాళ్లు.

బంతి చేతిలోంచి దూసుకొచ్చింది, కింద మూలకి. మరదలు చెయ్యి అందలేదు. కాలు అందింది. మడమ పక్కన తగిలి బంతి ఎగిరి గోడకి కొట్టుకుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో మామకు సరిగ్గా తెలియదు. ఎర్ర జెండాలు ఊగుతున్నాయి, ఆకుపచ్చ పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. ఆయన భార్యను కావలించుకుని ఏడుస్తున్నాడు. కప్పు గెలిచిన రోజు ఏడ్చినదానికన్నా ఎక్కువే ఏడ్చాడని, ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

పొద్దు వాలుతుండగా జట్టు బయటికొచ్చింది. బస్సులు ఇంకా మొదలవలేదు. ఇంటికి నడిచే పోవాలనుకుంటూ పిల్లలు స్టాపు దగ్గరికొస్తే, అక్కడ పైకప్పు లేని రెండంతస్తుల బస్సు నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. డ్రైవరు సీట్లో స్టాపు మామ, పక్కనే భార్య.

"ఎక్కండి, ఎక్కండి. ఈ సంచీలతో నా బస్సుకి ఊపిరాడనివ్వరు కదా, పైన బోలెడంత గాలి. పైకెక్కండి" అన్నాడు.

పిల్లలు ఎగురుకుంటూ ఎక్కారు. మరదలు ఆఖర్న వచ్చింది. కుంటుతోంది. బంతి తగిలిన కాలు వాచిపోయింది. బస్సెక్కబోతూ ఆగి, రెండడుగులు వెనక్కేసి, తలెత్తి బస్సు నుదురు చూసింది. మన ఊరి జట్టు, ఎర్రటి అక్షరాలు, వీధి చివర్నించి చదవొచ్చు.

"బావా, బోర్డు తీయడం మర్చిపోయారు" అంది.

స్టాపు మామ స్టీరింగు మీద చేతులు పెట్టి, తిన్నగా ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్కవే తల్లీ. తప్పు బోర్డు పెట్టుకుని నేనెప్పుడైనా బస్సు కదిపానా?"